తప్పు ఎవరిది? దావీదు రాజు, శ్రీహరికోట, మనం



శ్రీహరికోట నుంచి పెద్ద రాకెట్ ఎగరబోతోందంటే రెండు వార్తలు తప్పకుండా వస్తాయి. ఇస్రో పెద్దలు రాకెట్ నమూనా పట్టుకుని తిరుమల వెళ్లి శ్రీవారి పాదాల దగ్గర పెట్టారని ఒకటి. సూళ్లూరుపేట చెంగాళమ్మ తల్లికి పూజ చేయించారని ఇంకొకటి. ఇవి చూసి కొందరు నవ్వుతారు, కొందరు గర్వపడతారు. ఆ చర్చ ఇవాళ వద్దు. ఎగరకముందు దండం పెట్టుకోవడం ఎవరైనా చేస్తారు. మరి ఎగిరింది కాస్తా సముద్రంలో పడిపోతే? అప్పుడు ముందుకొచ్చి "ఇది నా బాధ్యత" అనేది ఎవరు?

ఇవాళ్టి ప్రశ్న ఇదే. దీనికి జవాబు వెతుకుతూ మనం బైబిల్లో ఉన్న ఒక రాజు దగ్గరికి కూడా వెళ్దాం. "మన పేజీలో బైబిల్ కథ ఏంటి?" అనుకోకండి. మంచి మాట ఏ దిక్కు నుంచి వచ్చినా రానివ్వమని మన పెద్దలే చెప్పారు. పైగా మన రాకెట్ల కథ మొదలైందే ఒక చర్చి దగ్గర. కేరళలోని తుంబాలో సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చిని, పక్కనున్న బిషప్ ఇంటిని అక్కడి క్రైస్తవులు, వాళ్ల బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా దేశం కోసం ఇచ్చేశారు. 1963 నవంబర్ 21న మన గడ్డ మీద నుంచి మొదటి రాకెట్ ఎగిరింది అక్కడే. కాబట్టి శ్రీహరికోట గురించి మాట్లాడుతూ వాళ్ల గ్రంథంలో ఒక పేజీ తిప్పితే తప్పేం లేదు.

ముందు మన ఊరి కథ.

1979 ఆగస్టు 10. శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు, నాలుగు అంచెలు. మన దేశం సొంతంగా తయారుచేసుకున్న మొదటి ఉపగ్రహ వాహక నౌక. ఆ ప్రాజెక్టుకి డైరెక్టర్ అబ్దుల్ కలాం గారు. ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ గారు. మొదటి అంచె బాగానే మండింది. రెండో అంచెలో నియంత్రణ తప్పింది. ఎగిరిన 317 సెకన్లకి రాకెట్ బంగాళాఖాతంలో కలిసిపోయింది. ఏళ్ల తరబడి ఎంతోమంది పడ్డ కష్టం అయిదు నిమిషాల చిల్లరలో అయిపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కౌంట్‌డౌన్ చివర్లో కంప్యూటర్ ఆగమని చెప్పింది. నియంత్రణ వ్యవస్థలో వాడే ఆమ్లం ఒక చోట కారుతోందని తెలిసింది. చుట్టూ ఉన్న నిపుణులు లెక్కలు చూసి, పర్లేదు, సరిపడా ఉందన్నారు. ముందుకే వెళ్దామని కలాం గారు నిర్ణయం తీసుకున్నారు. ఇదంతా మనకి ఎలా తెలుసు? కలాం గారే తర్వాత ఎన్నోసార్లు, ఎన్నో చోట్ల చెప్పారు కాబట్టి.

అంటే వేలు చూపించాలంటే చాలా సులువు. నిర్ణయం ఎవరిదో తెలుసు. సలహా ఎవరిదో తెలుసు. బయట విలేకరులు ఎదురుచూస్తున్నారు. పేద దేశానికి రాకెట్లెందుకని అడిగేవాళ్లు అప్పటికే ఉన్నారు. ఆ పరిస్థితిలో ధవన్ గారు విలేకరుల ముందుకి తానే వెళ్లారు. వైఫల్యం బాధ్యత తనదన్నారు. తన బృందం మీద నమ్మకం ఉందని, ఏడాదిలో విజయం సాధిస్తారని చెప్పారు. ఏ ఇంజినీరు పేరూ ఎత్తలేదు.

ఏడాది కూడా నిండకుండానే, 1980 జులై 18న, అదే శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు ధవన్ గారు మైకు ముందుకి వెళ్లలేదు. నువ్వే వెళ్లి మాట్లాడు అని కలాం గారిని పంపారు.

ఈ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నాయకత్వం మీద ఏ ఉపన్యాసంలో చూసినా ఇది వస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. కానీ చప్పట్లు అయ్యాక ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. వాల్వు బిగించింది ధవన్ గారు కాదు. ముందుకే వెళ్దామన్నదీ ఆయన కాదు. తను చేయని దానికి "బాధ్యత నాది" అనడం నిజం చెప్పినట్టా? లేక గొప్ప మనసుతో చెప్పిన అబద్ధమా? అసలు తప్పు చేసినవాడు దాక్కోవడానికి ఇది చోటు ఇవ్వదా?

దీనికి జవాబు కావాలంటే, నిజంగానే తప్పు చేసిన ఒక రాజుని చూడాలి.

దావీదు అంటే చాలామందికి గొల్యాతు అనే రాక్షసుడిలాంటి మనిషిని వడిసెల రాయితో పడగొట్టిన కుర్రాడు. బేత్లెహేములో గొర్రెలు కాసుకునేవాడు, ఇంట్లో చిన్నవాడు. తర్వాత ఇశ్రాయేలు మొత్తానికి రాజయ్యాడు. క్రైస్తవులు ఆదివారం ప్రసంగాల్లో ఆయన గెలుపుల గురించి చెప్పినంతగా ఆయన పతనం గురించి కూడా చెబుతారు. ఆ రెండో సంగతి మనకి ముఖ్యం.

సైన్యమంతా యుద్ధంలో ఉంది. రాజు మాత్రం యెరూషలేములో ఉండిపోయాడు. ఒక సాయంత్రం మేడ మీద నడుస్తూ, స్నానం చేస్తున్న ఒక స్త్రీని చూశాడు. ఆమె పేరు బత్షెబ. భర్త ఊరియా, ఈ రాజు కోసమే యుద్ధంలో ఉన్న సైనికుడు, అందులోనూ పరాయి జాతివాడు. రాజు ఆమెని పిలిపించుకున్నాడు. ఆమె గర్భవతి అయింది. విషయం కప్పెట్టడానికి ఊరియాని యుద్ధం నుంచి రప్పించి, ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమన్నాడు. తోటి సైనికులు బయలు నేల మీద పడుకుంటుంటే నేనెలా ఇంటికి వెళ్తానని ఊరియా రాజు గుమ్మం దగ్గరే పడుకున్నాడు. చివరికి రాజు సేనాపతి యోవాబుకి ఉత్తరం రాశాడు. పోరు భీకరంగా ఉన్నచోట ఊరియాని ముందు నిలబెట్టి, మిగతావాళ్లు వెనక్కి తగ్గండని. ఆ ఉత్తరం పట్టుకెళ్లింది ఊరియానే. తన చావు ఆజ్ఞని తనే మోసుకెళ్లాడు పాపం.

అన్నీ సర్దుకున్నాయి అనుకున్నాడు రాజు. అప్పుడు నాతాను అనే ప్రవక్త వచ్చి ఒక కథ చెప్పాడు. ఊళ్లో ఒక ధనవంతుడు, ఒక బీదవాడు. ధనవంతుడికి మందలు మందలు. బీదవాడికి ఒకే ఒక్క గొర్రెపిల్ల, బిడ్డలా పెంచుకుంటున్నాడు. ధనవంతుడి ఇంటికి అతిథి వస్తే, తన మందలోంచి తీయకుండా ఆ బీదవాడి గొర్రెపిల్లని లాక్కుని వండించాడు. రాజుకి కోపం ఆగలేదు. అలాంటివాడు చావాల్సిందే అన్నాడు. అప్పుడు నాతాను, ఆ ధనవంతుడు ఎవరో కాదు, రాజే అని ముఖం మీదే చెప్పాడు.

చూడండి, అది సింహాసనం. ఒక్క సైగ చేస్తే నాతాను తల ఉండదు. యోవాబు మీదికి నెట్టేయొచ్చు. యుద్ధమన్నాక చావులు మామూలే అనొచ్చు. దావీదు అవేవీ అనలేదు. దేవుడికి వ్యతిరేకంగా పాపం చేశానని ఒక్క ముక్కలో ఒప్పుకున్నాడు. మూలంలో ఆ ఒప్పుకోలు రెండే రెండు హీబ్రూ పదాలు. "కానీ" లేదు, "ఎందుకంటే" లేదు.

ఈ రెండు పదాల విలువ తెలియాలంటే దావీదు కంటే ముందు రాజైన సౌలుని పక్కన పెట్టి చూడాలి. ఒక యుద్ధంలో శత్రువుల పశువుల్ని మిగల్చొద్దని సౌలుకి ఆజ్ఞ ఉంది. మంచి గొర్రెల్నీ ఎద్దుల్నీ మిగుల్చుకున్నారు. ప్రవక్త సమూయేలు వచ్చి నిలదీస్తే సౌలు ఏమన్నాడు? జనమే తెచ్చారన్నాడు. అదీ దేవుడికి బలి ఇవ్వడానికే అన్నాడు. గట్టిగా అడిగితే తప్పు చేశానన్నాడు, కానీ జనానికి భయపడి చేశానని తగిలించాడు. చివరికి, పెద్దల ముందు మాత్రం నా పరువు కాపాడమని బతిమాలుకున్నాడు.

పైకి చూస్తే దావీదు తప్పే ఘోరం. ఒకరి భార్య, ఒకరి ప్రాణం. మరి రాజ్యం సౌలు చేయి దాటిపోయి, దావీదు దగ్గర నిలిచిందేం? క్రైస్తవ బోధకులు దీనికి చెప్పే జవాబు పశ్చాత్తాపం. నేను దాన్ని ఇంకొంచెం మామూలు మాటల్లో చెప్తాను. సౌలు చేతిలో తప్పు నిలవలేదు, కిందికి జారింది. జనం మీద పడింది. దావీదు దగ్గర ఆగింది. నింద నీళ్లలాంటిది, పల్లం ఎటుంటే అటు పోతుంది. మేనేజరు నుంచి టీమ్ లీడ్‌కి, టీమ్ లీడ్ నుంచి ఆర్నెల్ల క్రితం చేరిన ఫ్రెషర్‌కి. ఇంట్లో అయితే అత్త నుంచి కోడలికి, అన్న నుంచి తమ్ముడికి. ఎక్కడో ఒకరు కట్టలాగా నిలబడాలి. ఆ నిలబడినవాడికే రాజు అనే మాట తగుతుంది.

మన దగ్గర ఇలాంటి రాజు లేడా? ఉన్నాడు. పరీక్షిత్తు.

దాహంతో శమీక మహర్షి ఆశ్రమానికి వెళ్లాడు. ముని ధ్యానంలో ఉండి పలకలేదు. కోపంతో చచ్చిన పాముని వింటి కొసతో ఎత్తి ఆయన మెడలో వేసి వచ్చేశాడు. ముని కొడుకు శృంగి, ఏడో రోజు తక్షకుడి కాటుకి చస్తావని శపించాడు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఆ తర్వాత జరిగింది మాత్రం మన గ్రంథాల్లో రెండు రకాలుగా ఉంది. మహాభారతం ఆదిపర్వంలో పరీక్షిత్తు ఒంటిస్తంభం మేడ కట్టించుకుని, చుట్టూ కాపలా, వైద్యులు, మంత్రాలు తెలిసినవాళ్లని పెట్టుకుని లోపల కూర్చున్నాడు. తక్షకుడు పండులో పురుగై లోపలికి వెళ్లాడు. భాగవతంలో అదే పరీక్షిత్తు ఇంటికొచ్చేసరికే చేసిన పనికి కుమిలిపోతున్నాడు. శాపం సంగతి తెలిశాక తగిన శిక్షే అనుకున్నాడు. రాజ్యం కొడుక్కి అప్పగించి గంగ ఒడ్డున కూర్చున్నాడు. ఆ ఏడు రోజుల్లోనే శుకమహర్షి భాగవతం వినిపించాడు.

ఒకే మనిషి, ఒకే తప్పు, ఒకే చావు. మేడ కట్టుకున్నప్పుడు భయం తప్ప ఇంకేం మిగల్లేదు. ఒప్పుకుని కూర్చున్నప్పుడు లోకానికి భాగవతం దొరికింది. మనం పోతన గారి పద్యాలు పాడుకుంటున్నామంటే, ఒక రాజు తన తప్పు నుంచి పారిపోకుండా కూర్చోవడం వల్లే.

ఇక్కడిదాకా అంతా బాగుంది. కానీ దావీదు కథలో నన్ను ఇబ్బంది పెట్టేది ఒకటుంది, దాన్ని దాటేసి వెళ్తే మోసం చేసినట్టే. రాజు ఒప్పుకున్నాడు సరే. ఊరియా లేచి వచ్చాడా? బత్షెబని ఎవరైనా ఏమైనా అడిగారా? ఆమెకి పుట్టిన ఆ బిడ్డ చనిపోయాడు. తర్వాత దావీదు ఇంట్లో అన్నదమ్ములే ఒకరినొకరు చంపుకున్నారు, కొడుకు అబ్షాలోము తండ్రి మీదే కత్తి ఎత్తి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఒప్పుకోగానే లెక్క చెల్లిపోలేదు. బైబిల్ కూడా అలా చెప్పదు. మత్తయి సువార్త మొదట్లోనే యేసు వంశావళి చెబుతూ, దావీదు దగ్గరికి వచ్చేసరికి బత్షెబ పేరు ఎత్తకుండా ఊరియా భార్య అనే రాస్తుంది. ఎన్ని తరాలు గడిచినా అన్యాయమైపోయిన ఆ సైనికుడి పేరు చెరపలేదు. పొగుడుతూనే తప్పుని దాచకపోవడం ఆ గ్రంథంలో నాకు నచ్చిన విషయం.

ఇంకో సంగతి. దావీదు దేవుడికి చెప్పుకున్నాడు, ప్రవక్త ముందు ఒప్పుకున్నాడు. ఆ పశ్చాత్తాపంలోంచి వచ్చిందని చెప్పే 51వ కీర్తన ఇప్పటికీ చర్చిల్లో చదువుతారు. కానీ దావీదు ఊరియా బంధువుల గుమ్మం తొక్కినట్టు ఆ కథలో ఎక్కడా లేదు. ఈ ఒక్కచోట మన దశరథుడు ఒక అడుగు ముందుకేశాడు. యువరాజుగా ఉన్నప్పుడు, చీకట్లో శబ్దం విని, ఏనుగు అనుకుని బాణం వేశాడు. తగిలింది తల్లిదండ్రుల కోసం నీళ్లు ముంచుకుంటున్న కుర్రాడికి, మనం శ్రవణకుమారుడు అని పిలుచుకునే పిల్లాడికి. చూసినవాళ్లు లేరు. ఆ ముసలివాళ్లకి కళ్లే లేవు. వెళ్లిపోతే అడిగేవాడు లేడు. దశరథుడు ఆ నీళ్ల కుండ తీసుకుని తనే వాళ్ల దగ్గరికి నడిచాడు. మీ కొడుకుని కాదు నేను, మీ కొడుకుని చంపినవాణ్ణి అని చెప్పాడు. పుత్రశోకంతోనే పోతావని శాపం వచ్చింది, అది జరిగింది కూడా. అయినా వెళ్లాడు.

ఇది మనకి కాస్త గుచ్చుకోవాలి. ఎవరితోనో మాట తప్పి, ఎవరినో ఏడిపించి, కొండెక్కి గుండు చేయించుకుని, హుండీలో నోటు వేసి వచ్చేస్తే మనసు తేలికవుతుంది. స్వామికి చెప్పుకోవడం మంచిదే. స్వామి ఎలాగూ వింటాడు, ఎదురు ప్రశ్న వేయడు. కష్టమంతా ఆ మనిషి గుమ్మం ముందు నిలబడి చెప్పడంలో ఉంది. దేవుడికి చెప్పుకున్నది ఆ గుమ్మం దాకా నడవడానికి బలం ఇవ్వాలి. నడక తప్పించుకోవడానికి దారి కాకూడదు.

ఇప్పుడు మళ్లీ శ్రీహరికోటకి వద్దాం. మన ప్రశ్న అలాగే ఉంది. దావీదు, పరీక్షిత్తు, దశరథుడు స్వయంగా చేసినవాళ్లు. ధవన్ గారు చేయలేదు కదా. ఆయన మాట నిజమా, అబద్ధమా?

దావీదు జీవితం చివర్లో ఇంకో ఘట్టం ఉంది. అహంతో జనాభా లెక్క తీయించాడు. దానికి శిక్షగా తెగులు వచ్చి జనం చచ్చిపోతున్నారు. అది చూసి రాజు, తప్పు చేసింది నేను, ఈ గొర్రెలేం చేశాయి, శిక్ష నాకూ నా ఇంటివాళ్లకీ వేయమని వేడుకున్నాడు. గొర్రెలు కాసినవాడు కదా, ఆ పోలిక నోటికి వచ్చింది. పైవాడి నిర్ణయానికి కిందివాళ్లు బలవుతారని ఆయనకి అప్పుడు అర్థమైంది. అధికారం ఉన్నచోట "నా తప్పు", "నీ తప్పు" అని గీత గీయడం అంత తేలిక కాదు. ఒక బృందాన్ని కట్టింది, నమ్మింది, తేదీ ఒప్పుకుంది, గెలిస్తే పేరు తెచ్చుకునేది పైవాడే. వాల్వు తప్పు ఆయనది కాకపోవచ్చు, ఆ ప్రయోగం మాత్రం ఆయనదే. అందుకే బాధ్యత నాది అన్న మాట అబద్ధం కాదు. తప్పు చేసినవాడు ఒకడు కావచ్చు, దానికి జవాబు చెప్పాల్సినవాడు ఇంకొకడు కావచ్చు.

మరి అసలు తప్పు చేసినవాళ్లు దాక్కోలేదా? జరిగింది వినండి. ప్రయోగం తర్వాత లోపల సమీక్ష సమావేశం జరిగింది. కారణాన్ని వాల్వు దాకా తవ్వి తీశారు. మూసుకోవాల్సిన ఒక వాల్వు మూసుకోక, ఆమ్లం కారిపోయి, రెండో అంచెకి నియంత్రణ లేకుండా పోయింది. సాంకేతిక వివరణ అందరికీ సరిపోయింది. అప్పుడు కలాం గారు లేచి నిలబడి, ఆ లీకుని చిన్నదిగా లెక్కగట్టడం తన పొరపాటని, ప్రయోగాన్ని ఆపాల్సింది తనేనని అందరి ముందూ చెప్పారు. తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు.

నా దృష్టిలో ఈ మొత్తం కథకి గుండెకాయ ఇదే. బయట పెద్దాయన కట్టలా నిలబడ్డాడు. లోపల చిన్నాయన నోరు తెరిచి నిజం చెప్పగలిగాడు. నింద కిందికి పడుతుందన్న భయం ఉన్నచోట ఎవరూ నిజం చెప్పరు. అందరూ మెయిళ్లు దాచుకుంటారు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుంటారు. నింద కిందికి రావడం ఆగితేనే నిజం పైకి వస్తుంది. ధవన్ గారు తప్పుని కప్పిపుచ్చలేదు, తప్పు బయటపడడానికి కావాల్సిన ధైర్యాన్ని ఇచ్చారు. ఏడాది లోపే రోహిణి పైకి వెళ్లిందంటే ఆ ధైర్యానికీ వాటా ఉంది. 2002లో ఆయన కన్నుమూశాక శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు ఏ ప్రయోగం చూసినా సతీష్ ధవన్ అనే పేరు వింటున్నాం.

ఇక నాతాను సంగతి మర్చిపోవద్దు. నిజాన్ని ముఖం మీద చెప్పిన ఆ మనిషిని దావీదు దూరం చేసుకోలేదు, చివరిదాకా పక్కనే ఉంచుకున్నాడు. తర్వాత బత్షెబకి పుట్టిన కొడుకుల్లో ఒకడి పేరు కూడా నాతానే. మనకీ అలాంటివాళ్లు ఉంటారు. ఇంటి గుట్టు ముఖం మీద చెప్పే అక్క, "నువ్వు చేసింది బాలేదురా" అనే స్నేహితుడు. వాళ్లని బ్లాక్ చేసుకుంటూ పోతే మిగిలేది ఒంటిస్తంభం మేడే. దాంట్లోకి కూడా పురుగు వస్తుందని భారతం చెప్పనే చెప్పింది.

ఈ వారం ఒక చిన్న పని చేసి చూడండి. మీ కింద పనిచేసేవాళ్ల వల్లో, మీ తమ్ముడి వల్లో, మీ పిల్లల వల్లో ఏదైనా చెడిపోయినప్పుడు, బయటివాళ్ల ముందు వాళ్ల పేరు ఎత్తకండి. "మేం చూసుకుంటాం" అనండి. తర్వాత లోపలికి వచ్చి, తలుపు వేసి, ఏం జరిగిందో నిదానంగా అడగండి. మీ వల్లే చెడిపోతే మాత్రం "కానీ" లేకుండా ఒక్క వాక్యంలో ఒప్పుకోండి. నష్టపోయినవాళ్ల దగ్గరికి మీరే నడిచి వెళ్లండి. గుడికి కూడా వెళ్లండి, అయితే ముందు ఆ గుమ్మానికి వెళ్లి రండి.

శుభం. ఆ శ్రీవారు, చెంగాళమ్మ తల్లి మనందరికీ ఆ ధైర్యం ఇవ్వాలి.